వ్యాన్ ఇప్పుడే వెళ్ళిపోయింది

మార్చి 4

కంటి డాక్టరు దగ్గరి నుంచి ఇప్పుడే వచ్చాం. మా ఆయనకి నీటికాసులట, ఇంగ్లీషులో గ్లకోమా. జబ్బుకి అంత ముద్దు పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ నోరు పడిపోను.

రెండు కళ్ళకీ పక్క చూపు పోయింది. ఎడమవైపయితే బొత్తిగా లేదు. ఎదురుగా ఉన్నది మాత్రం శుభ్రంగా కనిపిస్తుందట. పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కల మందు అన్నాడు డాక్టరు. "డ్రైవింగ్ ఈ పూటతో సరి. నేనెవరికీ రాసి పంపను. మీ అంతట మీరే మానెయ్యాలి" అన్నాడు.

"రోడ్డు ఎదురుగానే కదండీ ఉంటుంది" అన్నాడు ఈయన, ఇన్నేళ్ళుగా హోటల్ వ్యాన్ నడుపుతున్న మనిషి. డాక్టరు జోకనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ మనిషి ఒక్క జోకు వేసిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "హోటల్లో ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. ఆ వ్యాన్ లేకపోతే నేనేంటే?" అన్నాడు. ఒట్టేసేశాను.

మార్చి 5

కళ్ళజోడు మారిస్తే సరిపోతుందేమో. డాక్టర్లకి జనాన్ని భయపెట్టడం అలవాటు.

మార్చి 7

ఎయిర్‌పోర్టులో దిగినవాళ్ళు బయటికి వచ్చే హాల్లో దారులు చెప్పే మొదటి కౌంటరు నాది. వచ్చినవాడు "సిటీలో హోటల్‌కి ఎలా వెళ్ళాలండీ" అంటాడు. ఏ హోటల్ అని ముందే అడిగితే నాకు పని చేతకానట్టే లెక్క. ముందు సామాన్లు చూడాలి. ఒక్క సంచీ వాడికి రైలు. చేతిలో బలం, ఒంట్లో ఓపిక ఉన్నవాడికి బస్సు. పిల్లాపాపలతో మూటాముల్లెతో వచ్చినవాళ్ళకి టాక్సీ. ఇన్నేళ్ళుగా ఇదే పాట. ఇక మా ఆయన పని చేసే హోటల్ వాళ్ళయితే ఏ బాధా లేదు, అద్దం అవతల స్తంభం పక్కనే ఊరికే ఎక్కించుకుపోయే హోటల్ వ్యాన్ ఉంటుంది. చెయ్యెత్తి చూపిస్తే చాలు. ఆ వ్యాన్‌కి సగం జనాన్ని ఎక్కించింది నేనే. "మీ ఆయన మీద అంత ప్రేమేంటి ఆంటీ" అని మా పిల్ల మేడమ్ ఏడిపిస్తుంది కూడా. ఆవిడ మా సూపర్‌వైజరు. వయసులో నా కూతురంత ఉంటుంది, అందుకే ఆ పేరు.

ఈ రోజు కవల పిల్లలతో ఒక జంట వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యెత్తి చూపించేశాను. చూపించాక గుర్తొచ్చింది. వ్యాన్ కదులుతుంటే ట్రాలీల వరస తోసుకుంటూ ఒకతను ఎడమవైపు నుంచి వచ్చాడు. బండి ఆగలేదు. అతనే వెనక్కి గెంతి, వ్యాన్ ఒంటి మీద అరచేత్తో గట్టిగా చరిచి నానా తిట్లూ తిట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఈయన అంటాడు కదా, "ఈ ట్రాలీల వాళ్ళకి బొత్తిగా కళ్ళు కనపడవే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మార్చి 8

ఒకావిడ పెద్ద పెట్టెతో వచ్చి హోటల్ వ్యాన్ ఎక్కడండీ అంది.

"వ్యాన్ ఇప్పుడే వెళ్ళిపోయిందమ్మా" అన్నాను.

వ్యాన్ అద్దం అవతలే ఉంది. ఆయన దాని ముందద్దం తుడుచుకుంటున్నాడు. ఆవిడ టాక్సీ వైపు వెళ్ళిపోయింది. పోనీలే, ఆవిడ క్షేమంగా చేరుతుంది కదా.

మార్చి 11

పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. ఒట్టు తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అబద్ధాలు మాత్రం రోజుకో రకం తయారవుతున్నాయి. వ్యాన్ ఊరంతా తిరిగి వెళ్తుందండీ. వ్యాన్‌లో ఏసీ పాడైందండీ. రైలెక్కండి, కిటికీలోంచి సిటీ అంతా చూడొచ్చు. ఒకాయనతో అయితే రైల్లో సీట్లు కొత్తవి, మెత్తగా ఉంటాయి అన్నాను. ఆ రైలు నేనెక్కి ఎన్నేళ్ళయిందో.

నాకు ఇంత బాగా అబద్ధాలాడడం వచ్చని ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

జనం తగ్గితే తిరుగుడు తగ్గుతుంది, తిరుగుడు తగ్గితే ప్రమాదం తగ్గుతుంది. ఈలోగా చుక్కల మందు పని చేస్తుంది. ఆయన మనసు మెల్లగా మారుతుంది. ఇంతకన్నా మంచి దారి ఎవరైనా చూపిస్తే వాళ్ళ కాళ్ళకి దండం పెడతాను.

మార్చి 15

ఖాళీ వ్యాన్. మళ్ళీ ఖాళీ వ్యాన్. సాయంత్రం బండిలో ఇద్దరు. వాళ్ళు నన్ను అడక్కుండా తిన్నగా వెళ్ళి ఎక్కారు. వాళ్ళని దింపి వ్యాన్ తిరిగొచ్చేదాకా నేను మంచినీళ్ళు ముట్టుకోలేదు.

మార్చి 18

ఆయనకి అనుమానం మొదలైంది. నా మీద కాదు. తన మీద.

భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "నేను మొహం చిట్లించుకుని ఉంటానా?" అన్నాడు.

"లేదండీ. ఎందుకూ?"

"నా వ్యాన్ అంటే జనానికి గిట్టడం లేదు. దూరం నుంచి చూస్తారు, పక్కకి వెళ్ళిపోతారు. నేనేమన్నా కంపు కొడుతున్నానేమో చూడు."

నిజంగానే చొక్కా భుజం నా ముక్కు దగ్గరికి తెచ్చాడు. సబ్బు వాసన, డీజిలు వాసన. ఎప్పుడూ ఉండే ఆయన వాసన. "ఏం లేదండీ" అని గబగబా లేచి కంచాలు తీసేశాను. నేను ఎలాంటి ఆడదాన్నో ఇవాళ నాకే అర్థం కాలేదు.

మార్చి 19

వదిన పసిగట్టింది. ఆయనకి అక్క, మాతోనే ఉంటుంది. మోకాళ్ళు పని చెయ్యవు గానీ చెవులు మాత్రం పాము చెవులు.

"వాడికి కళ్ళు పోతున్నాయి కదూ?" అంది వంటింటి గడప మీద నిలబడి.

నేను ఒట్టు తప్పకుండా నోరు మూసుకుని గిన్నె తోముతూ ఉండిపోయాను. అదే సమాధానమైంది.

"పోతే పోనీ. నువ్వు మాత్రం వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకు. మా నాన్న అలాగే కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. ఆరు నెలల్లో మోసుకెళ్ళాం" అంది.

"మరి బండిలో ఎక్కినవాళ్ళ సంగతో, వదినా?"

"వాళ్ళెవరో నాకు తెలీదమ్మాయ్. వీడు నా తమ్ముడు."

ఆవిడ మాటలో న్యాయం లేదు గానీ ప్రేమ ఉంది. నా దగ్గర న్యాయం ఉందా అంటే అదీ లేదు.

మార్చి 22

కొత్త చొక్కా కొనుక్కున్నాడు. లేత నీలం. వ్యాన్ సీట్లకి కొత్త గుడ్డలు తొడిగాడు. మంచినీళ్ళ సీసాలు పెట్టాడు. తలుపు తీసి పట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ నిలబడ్డాడు. అద్దం లోంచి అంతా కనిపిస్తూనే ఉంది.

నేను ఆ ఉదయం ఆయన వ్యాన్ ఎక్కాల్సిన వాళ్ళనందరినీ రైలుకి పంపాను.

మార్చి 23

రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 27

వ్యాన్ తీసేశారు.

హోటల్ మేనేజరు పిలిచి, "జనం ఎక్కనప్పుడు బండెందుకు, బాబాయ్? మీరు పెద్దవారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాడట. శాలువా కప్పాడట. ఈయన ఆ శాలువా ఉండచుట్టి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చెప్పాడు ఈ మాట. వదిన గొల్లుమంది.

నేను లోపలికి వెళ్ళి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. దేవుడనేవాడు ఉన్నాడు, గట్టెక్కించాడు అనుకున్నాను.

మార్చి 28

ఆయన పొద్దున్నంతా పడుకునే ఉన్నాడు. పక్కన కూర్చుని తల నిమిరాను. పోనీలెండి, నా జీతం ఉంది కదా, పొద్దున్నే కలిసి కాఫీ తాగుదాం, సాయంత్రం నడుద్దాం అన్నాను. ఆయన ఊఁ అన్నాడు. ఈ నెలలో నాకు ఆకలేసింది ఈ ఒక్క రోజే.

ఏప్రిల్ 2

పెనం మీంచి పొయ్యిలో పడ్డాం.

ఆయన పాత స్నేహితుడొకడు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచమెక్కాడు. వాడి టాక్సీ ఈయన చేతికొచ్చింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. కౌంటర్లో తలెత్తి చూస్తే టాక్సీల వరసలో లేత నీలం చొక్కా. నన్ను చూసి చెయ్యూపాడు. ఎదురుగానే ఉన్నాను కదా, కనిపించాను.

ఇంటికొచ్చాక మనిషి వెలిగిపోతున్నాడు. "ఇప్పుడు నువ్వు పంపే జనమంతా నాకేనే!" అన్నాడు. వదిన దిష్టి తీసినంత పని చేసింది.

వ్యాన్ అయితే ఒక్క హోటలు, తెలిసిన ఒక్క రోడ్డు, నా కళ్ళ ముందు ఒక్క బండి. కావాలంటే ఆపగలిగేదాన్ని. టాక్సీ ఊరంతా తిరుగుతుంది. పైగా వరసలో ఎవరికి ఏ బండి వస్తుందో నా చేతిలో లేదు, అది టాక్సీల వరస చూసే విజిలాయన చేతిలో ఉంది. ఆయన విజిల్ ఊదితే ముందున్న బండి కదలాల్సిందే. తెలివిగలదాన్ననుకుని నేను చేసిన నిర్వాకం ఇది.

ఏప్రిల్ 5

సెలవు. "రా, కొత్త బండిలో తిప్పుతాను" అన్నాడు. వెళ్ళాను. వెళ్ళి నా కళ్ళతో చూస్తే గానీ నాకు బుద్ధి రాదు కదా.

తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎంత బాగా నడిపాడో. కాసేపు డాక్టరే తప్పు చెప్పాడనుకున్నాను. ఎడమకి తిప్పాల్సిన చోట ఒక సైకిలాయన మా ఎడమ పక్కనే వస్తున్నాడు. వెనక గంపలో పూలమొక్కలు. నేను చూస్తున్నాను, ఈయన కూడా చూస్తున్నాడనే అనుకున్నాను. చూడలేదు. నేను స్టీరింగ్ పట్టుకుని కుడికి తిప్పేశాను. సైకిలాయన కాలవ గట్టు మీదకి పడ్డాడు, మొక్కలన్నీ రోడ్డు పాలు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడే వీడు!" అన్నాడు.

"అంతసేపూ మన పక్కనే ఉన్నాడండీ."

ఆయన బండి ఆపేశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇదే అదను అనుకుని అడిగేశాను. "మానేద్దామండీ. మీకు దండం పెడతాను. ఇవాళ మొక్కలు, రేపు మనిషి."

"ఎండ కళ్ళలో పడింది" అన్నాడు.

మబ్బు పట్టి ఉంది. సైకిలాయనకి దెబ్బ తగల్లేదు, అంతవరకు నయం.

ఏప్రిల్ 7

రైలు. రైలు. బస్సు. రైలు. టాక్సీ అన్న మాట నా నోట్లోంచి రావడం లేదు.

ఏప్రిల్ 9

గోరుచుట్టు మీద రోకటి పోటు.

ముసలి దంపతులు. ఆయన చేతిలో కర్ర, ఆవిడ చేతిలో రెండు పెట్టెలు. నా ఉద్యోగం మొత్తం తిరగేసినా వాళ్ళకి చెప్పాల్సింది ఒకటే ముక్క, టాక్సీ. పెద్దాయన అడిగాడు కూడా, "టాక్సీ అయితే మేలేమో కదమ్మా?" అని. నేను అద్దంలోంచి చూశాను. లేత నీలం చొక్కా వరసలో ముందుకి వస్తోంది.

"రైలే హాయి బాబాయ్ గారూ. లిఫ్టు ఉంటుంది, మెట్లెక్కే పని లేదు" అన్నాను.

స్టేషన్లో లిఫ్టు పొద్దుటి నుంచి పని చెయ్యడం లేదట. నేను కనుక్కోలేదు. ఆ కదిలే మెట్ల మీద పెట్టె జారి, పెట్టెని పట్టుకోబోయి పెద్దాయన పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద నా కౌంటరు ముందు నుంచే తీసుకెళ్ళారు. ఆవిడ నన్ను చూసింది. తిట్టలేదు. "లిఫ్టు ఉందన్నావు కదమ్మా" అంది, అంతే.

ఏప్రిల్ 10

లిఫ్టు ఉందన్నావు కదమ్మా.

ఏప్రిల్ 11

పిల్ల మేడమ్ గదిలోకి పిలిచింది. ఆంటీ అనలేదు ఈసారి.

"మీ మీద కంప్లయింట్లు చాలా వచ్చాయి. అందర్నీ రైలుకి తోలుతున్నారట. చంటిపిల్లల వాళ్ళని కూడా. రైలు వాళ్ళేమన్నా ఇస్తున్నారా మీకు?"

"అయ్యో, అంత మాట అనకండి మేడమ్."

"మరెందుకు?"

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. మింగలేను, కక్కలేను. ఆ పిల్ల, "ఇక నుంచి అన్ని దారులూ చెప్పండి. ఎంచుకోవడం వాళ్ళ పని. ఇంకొక్క కంప్లయింటు వస్తే నేనేమీ చెయ్యలేను" అంది. బయటికి వచ్చేముందు భుజం మీద చెయ్యి వేసింది. "ఇంట్లో అంతా బాగానే ఉందా ఆంటీ?"

బాగానే ఉందన్నాను. ఆ ఒక్క మాటతో చేతికొచ్చిన అవకాశం కూడా జారవిడుచుకున్నాను.

ఏప్రిల్ 12

ఇంట్లో మళ్ళీ అడిగాను. బతిమాలాను. కోప్పడ్డాను. అరిచాను కూడా. ముసలాయన పడ్డ సంగతి, వ్యాన్ సంగతి, అన్నీ చెప్పేశాను. మీ వ్యాన్ ఖాళీ చేయించింది నేనే అన్నాను.

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. కుర్చీలో అలాగే కూర్చుని, "చొక్కా కొనుక్కున్నానే నేను" అన్నాడు.

తర్వాత, "రేపు పొద్దున్నే వెళ్ళాలి" అని పడుకున్నాడు.

ఏప్రిల్ 14

రాయాలి. రేపటికి నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను, అందుకని ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. చంకలో పసిబిడ్డ, ఇంకో చేతిని పట్టుకుని నడక వచ్చిన పిల్ల, కూలీ తోసుకొస్తున్న బండి మీద మూడు పెట్టెలు. ఎవరికి చెప్పినా టాక్సీ అనే చెప్తారు. నేను అన్ని దారులూ చెప్పాను. రైలు చెప్పాను, బస్సు చెప్పాను, లిఫ్టు బాగు చేశారని కూడా చెప్పాను. "టాక్సీయే నయం కదండీ, పిల్లలతో?" అంది.

"అవునమ్మా, టాక్సీయే నయం" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళి వరసలో నిలబడింది. విజిలాయన ఒక్కొక్క బండినీ పంపుతున్నాడు. తెల్ల కారు వెళ్ళింది, ఎర్ర కారు వెళ్ళింది. తర్వాతది మా ఆయనది. విజిల్ మోగింది. ఆయన దిగి, వెనక డిక్కీ తెరిచి, నవ్వుతూ పెట్టె అందుకున్నాడు. నడక వచ్చిన పిల్ల అమ్మ చెయ్యి వదిలించుకుని కారుకి ఎడమ పక్కకి వచ్చి నిలబడింది. ఆయన పెట్టె పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆ పెట్టె పిల్లకి తగిలి, పిల్ల కూలబడింది. ఆయన చూసుకోలేదు. డిక్కీ మూశాడు. పిల్ల ఏడుస్తుంటే ఎక్కడ ఏడుస్తోందా అని అటూ ఇటూ చూశాడు.

నేను కౌంటరు ఎలా దాటానో నాకు గుర్తు లేదు. క్యూలో వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి పిల్లని ఎత్తుకున్నాను.

"ఎక్కకు తల్లీ! ఈ కారు ఎక్కకు. ఈయనకి పక్క చూపు లేదు. కళ్ళు కనిపించవు ఈయనకి!"

నోరు విప్పాక ఆగలేదు. నీటికాసులని చెప్పాను, డాక్టరు మానెయ్యమన్నాడని చెప్పాను, సైకిలు సంగతి చెప్పాను. ఎవరికి చెప్తున్నానో తెలీదు, అందరికీ చెప్పాను. విజిలాయన నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది. వెనక డ్రైవర్లు కార్లు దిగి వచ్చేశారు.

"ఏంటన్నా, మీ ఆవిడేంటి ఇలా అంటోంది?" అన్నాడొకడు. "ఆవిడకేమన్నా పిచ్చెక్కిందా? నువ్వు చెప్పు, కనపడుతుంది కదా నీకు?"

ఆయన నా గొంతు కోసం వెతుకుతున్నాడు. కుడివైపు తిరిగాడు. ఇంకా తిరిగాడు. నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఆయన ఎడమ భుజం పక్కనే పిల్లనెత్తుకుని నిలబడి ఉన్నాను. ఇంతమంది చూస్తుండగా ఆయన ఖాళీ వైపు చూస్తూ అడిగాడు.

"ఎక్కడున్నావే?"

విజిలాయన మెల్లగా వచ్చి ఆయన చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు.

ఏప్రిల్ 15

పిల్ల మేడమ్ సెలవు ఇచ్చింది. ఎన్నాళ్ళో చెప్పలేదు.

ఏప్రిల్ 17

వదిన నాతో మాట్లాడింది. "నీ నోటితోనే చంపేశావు వాణ్ణి" అంది. తర్వాత నా ముందు కాఫీ పెట్టింది. ఆవిడ కూడా ఏడుస్తోంది, నేను కూడా ఏడుస్తున్నాను, కాఫీ చల్లారిపోయింది.

ఆ అమ్మాయీ పిల్లలూ బాగానే చేరి ఉంటారు. ఎవరూ వచ్చి చెప్పరు కదా.

ఏప్రిల్ 22

చుక్కల మందు వెయ్యనివ్వడం లేదు. మిగిలిన చూపు ఎవరి కోసం దాచుకోవాలి అన్నాడు, వదినతో. నాతో కాదు. డాక్టరుకి ఫోన్ చేశాను. మందు వెయ్యకపోతే ఎదుటి చూపు కూడా పోతుంది, ఇంక మిగిలేది చీకటే అన్నాడు. అదే మాట ఆయనకి వినపడేలా గట్టిగా చెప్పాను. ఆయన కణత పక్కన నరం కదిలింది, అంతే.

ఏప్రిల్ 26

నేను చేసింది తప్పు కాదు. ఇది రోజూ రాసుకుంటున్నాను, రోజూ చెరిపేస్తున్నాను. తప్పు కాదు. ఆ పిల్ల కాళ్ళూ చేతులూ బాగున్నాయి. తప్పు కాదు.

మే 3

ఆయన రోజంతా ముందుగదిలోనే కూర్చుంటున్నాడు. ఇవాళ కుర్చీ చోటు మార్చాడు. తనే లాక్కున్నాడు, వదిన సాయం చేస్తానన్నా వద్దన్నాడు. వెలుతురు కోసమనుకున్నాను. కిటికీ వైపు కాదు, గోడ వైపు లాక్కున్నాడు.

నేను మామూలుగా కూర్చునే చోట కూర్చున్నాను. కబుర్లు చెప్పాను, నవ్వాను, దగ్గాను. ఆయన తల కదల్లేదు. అప్పుడు అర్థమైంది. నేను లేచి ఆయనకి ఎదురుగా వెళ్ళి కూర్చుంటే, కుర్చీ మళ్ళీ తిప్పుకున్నాడు, నేను ఆ చూపు లేని ఎడమవైపు పడేలా.